లాగుడు పాటలకూ చోటివ్వాలి

అమెరికాలో కొలంబియా నది సముద్రంలో కలిసే చోటున్న అస్టోరియాలో 1998లో మొదలైన మత్స్యకార కవుల సమ్మేళనం గురించి నేను చదివిన ఒక వ్యాసం చక్కగా వివరించింది; దానికి స్పందనగా ఈ లేఖ. చేపల వేటను వృత్తిగా ఎరిగినవారికే అక్కడ వేదిక దక్కడం ఆ కవిత్వానికి పెద్ద బలమని నా అభిప్రాయం. అయితే వేదికపై చదివే కవితతో పాటు, వల లాగుతూ పాడిన పాటను కూడా ప్రస్తావించి ఉంటే బాగుండేది.

అమెరికాలోనే నార్త్ కరోలినా రాష్ట్రంలోని బోఫోర్ట్ తీరంలో, నూనె కోసం, చేపపొడి కోసం మెన్‌హేడెన్ చేపలను పట్టే పడవల్లో ఎక్కువగా నల్లజాతి కార్మికులే పనిచేసేవారు. రెండు పడవలు చేపల గుంపును వలతో చుట్టుముట్టి, వల అడుగును మూసే తాడు బిగించాక, చేపలన్నీ ఒక్కసారిగా కిందికి దూకడంతో వల కదలనంత బరువెక్కేది. అప్పుడు ఒకరు పాట ఎత్తుకుంటే మిగిలినవారు వంత కలిపి, చరణానికీ చరణానికీ నడుమ అందరూ కలిసి లాగేవారు. అంటే, పాటలోని విరామమే పనికి ఆయువుపట్టు. 1950ల నుంచి వల లాగే యంత్రాలు రావడంతో ఆ పాటలు పడవల్లో ఆగిపోయాయి. దశాబ్దాల తర్వాత, పని మానుకున్న వృద్ధులే బృందంగా చేరి వాటిని మళ్లీ పాడి, న్యూయార్క్‌లోని ప్రసిద్ధ సంగీత వేదిక కార్నెగీ హాలు దాకా తీసుకువెళ్లారు.

మన కోస్తాలో ఒడ్డు నుంచి అలివి వల లాగే చోట్ల హైలెస్సా పాటలను, పని జరుగుతుండగానే, విరామాలతో సహా రికార్డు చేయాలని జానపద పరిశోధకులను గట్టిగా కోరుతున్నాను.