హాఫ్-ఆర్క్ విజర్డ్ అయితే మీకొచ్చిన కష్టమేంటి?

"ఏ రేస్‌కి ఏ క్లాస్, కొత్తవాళ్ళు తప్పక చదవండి" అని ఒక ఫార్వర్డ్ మన డీ అండ్ డీ (డన్జన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలేస్తూ తలో పాత్రగా ఆడే కథల ఆట) గ్రూప్‌లో పొద్దున ఒకరు పెడతారు, సాయంత్రం ఇంకొకరు గుంటూరు గ్రూప్ నుంచి అదే మోసుకొచ్చి మళ్ళీ పెడతారు, ఒక్కరైనా చదివి పెడుతున్నారా అని నా డౌటు. రేస్ అంటే మన పాత్ర పుట్టిన జాతి (సగం మనిషి, సగం ఆర్క్ అనే రాక్షసజాతి అయితే హాఫ్-ఆర్క్), క్లాస్ అంటే అది చేసే పని (విజర్డ్ అంటే చదువుకున్న మంత్రగాడు).

"ఇదంతా రూల్ బుక్‌లో ఉంది" అంట. ఏ బుక్ బాబూ? 1978 అడ్వాన్స్‌డ్ బుక్‌లో పాలడిన్ (ధర్మయోధుడు) అంటే మనిషే అయ్యుండాలి, డ్వార్ఫ్ (పొట్టి జాతివాడు) మ్యాజిక్ జోలికి పోకూడదు, కాదనట్లా. 2000లో మూడో ఎడిషన్‌తో అవి ఎత్తేశారు. మనం ఆడేది 2014ది.

"ఎల్ఫ్ (నాజూకు జాతి) బార్బేరియన్ (ఆవేశంతో కొట్టే మోటు యోధుడు) చూడ్డానికి బాగోదు." చూడకండి.

ఇక అసలుది. "హాఫ్-ఆర్క్ పుట్టుకతోనే మొద్దు, విజర్డ్ చేస్తే పార్టీ మొత్తం చస్తుంది." మూడో ఎడిషన్‌లో హాఫ్-ఆర్క్‌కి ఇంటెలిజెన్స్ (విజర్డ్ మంత్రాలకి ఇదే ఆధారం) మైనస్ 2 ఉండేది, ఆ బూజు పట్టిన పచ్చడే ఇంకా వడ్డిస్తున్నారు. 2014లో మైనస్ లేదు. పాయింట్ బైలో (పాయింట్లతో స్కోర్లు కొనుక్కునే పద్ధతి) ఎవరికైనా 15 దాటదు, గ్నోమ్‌కి (ఇంకో పొట్టి జాతి) పుట్టుకతో 2 కలిసి 17, అంటే పాచిక మీద ప్లస్ 3, హాఫ్-ఆర్క్ 15 దగ్గరే ఉంటే ప్లస్ 2. తేడా ఒకటి. డీ20 (20 ముఖాల పాచిక) మీద ఒకటంటే 5 శాతం. దీనికి పార్టీ మొత్తం చస్తుందా? పైగా ఫస్ట్ లెవెల్ విజర్డ్‌కి ఉండేదే ఏ 8 హిట్ పాయింట్లో (ప్రాణం లెక్క), గోబ్లిన్ బాణాలు రెండు తగిలితే గ్నోమ్ గారు కింద పడి డెత్ సేవ్‌లు (చావా బతుకా తేల్చే పాచికలు) వేసుకుంటుంటారు, హాఫ్-ఆర్క్ మాత్రం పుట్టుకతో వచ్చిన మొండితనం వల్ల 1 దగ్గర నిలబడి ఇంకో స్పెల్ వేస్తాడు.

పోయిన నెల పటమటలో కొత్తగా ఒకమ్మాయి హాఫ్-ఆర్క్ విజర్డ్ చేసుకుని, ఆర్క్ అమ్మమ్మ దాచిన మంత్రాల పుస్తకం అని కథ కూడా రాసుకొస్తే, ఈ మెసేజ్ చూపించి చేతికి రబ్బరిచ్చి బార్బేరియన్‌గా మార్పించారు. ఆ పూటంతా "కొడతాను" తప్ప ఆ పిల్ల ఇంకో మాట మాట్లాళ్ళా. మళ్ళీ రాలా. ఏ ఇంట్లో పుడితే ఆ పనే చెయ్యాలనే గోల బయట చాల్లేదా, డ్రాగన్లు ఎగిరే చోట కూడానా?

"డ్వార్ఫ్‌కి మ్యాజిక్ వేస్ట్." మౌంటెన్ డ్వార్ఫ్ మీడియం ఆర్మర్ వేసుకునే స్పెల్స్ వెయ్యొచ్చు. డెక్స్ (చురుకుదనం) 14 ఉంటే స్కేల్ మెయిల్ కవచంతో ఏసీ (దెబ్బ తగలాలంటే శత్రువు పాచిక అందుకోవాల్సిన అంకె) 16. మామూలు ఫస్ట్ లెవెల్ విజర్డ్ ఉన్న రెండు స్పెల్ స్లాట్లలో (మంత్రాల కోటా) ఒకటి మేజ్ ఆర్మర్ అనే కవచ మంత్రానికి తగలేసి తెచ్చుకునేది 15. వేస్ట్ అంట!

హాఫ్లింగ్‌కి (మరో చిన్న జాతి) గ్రేట్‌యాక్స్ (పెద్ద గొడ్డలి) ఇవ్వొద్దన్నాడు చూడండి ఆ మెసేజ్ రాసినాయన, అది మాత్రం నిజం. చిన్న సైజువాళ్ళు హెవీ వెపన్ పడితే ప్రతి దెబ్బకీ డిస్‌అడ్వాంటేజే (రెండు పాచికలేసి తక్కువది తీసుకోవడం), అది 5 శాతంతో పోయేది కాదు. అంతమాత్రాన బార్బేరియన్ మానక్కర్లా, బ్యాటిల్‌యాక్స్, షీల్డ్ ఇవ్వండి, దాడికి 1 పడితే మళ్ళీ వేసుకునే లక్ వాడికి ఎటూ ఉంది.