తీరిక పన్ను

ప్రభుత్వ సాయానికి దరఖాస్తు పెట్టుకోవడం నానాటికీ కష్టమవుతోందని, రోజు గడవక చేయి చాచినవాడిని కార్యాలయాల చుట్టూ చెప్పులరిగేలా తిప్పడం అన్యాయమని తరచుగా చదువుతున్నాం. ఆ రాతల వెనుకనున్న సదుద్దేశాన్ని శంకించడం నా అభిమతం కాదు. అయితే రాజ్యం నడవాలంటే ప్రతి పౌరుడూ తనకున్నదానిలోంచి ఎంతో కొంత కట్టాలన్న మూలసూత్రాన్ని ఆ రచయితలు మరచినట్టున్నారు. ఉన్నవాడు డబ్బు కడతాడు, అది కూడా ఆడిటరు సరేనన్న మేరకు. లేనివాడి దగ్గర కాలం తప్ప మరేమీ ఉండదు కాబట్టి అతని నుంచి కాలమే వసూలు చేయాలి. దరఖాస్తు ఆ వసూలుకు ఏర్పాటైన యంత్రాంగం. ఎగవేతకు ఏమాత్రం తావులేని ఇలాంటి పన్ను మరొకటి ఉన్నట్టు నాకు తోచదు.

దీన్ని ఎంత సూక్ష్మంగా రూపొందించారో తెలియాలంటే దరఖాస్తు ఫారాన్ని కాస్త భక్తితో చదవాలి. ఉద్యోగం ఉన్నవాడు జీతం చీటీ చూపించి తన ఆదాయాన్ని క్షణంలో రుజువు చేస్తాడు. ఉద్యోగం పోయినవాడు తనకు ఆదాయం లేదని రుజువు చేసుకోవాలి. ఎవరూ జీతం ఇవ్వడం లేదన్న సంగతిని ఎవరి సంతకంతో ధ్రువీకరించాలో ఫారం చెప్పదు. ‘యజమాని సంతకం, ముద్ర’ అన్న గడిని మాత్రం ఖాళీగా వదలవద్దంటుంది. అక్కడ ‘వర్తించదు’ అని రాసినవారి దరఖాస్తు ‘వివరాలు అసంపూర్ణం’ అన్న ఎర్ర సిరా వ్యాఖ్యతో తిరిగి వస్తుంది. ఇక జతపరచవలసిన పత్రాల్లో మొదటిదాని గడువు, చివరిది చేతికందే నాటికి తీరిపోయేలా ఉండటం కాకతాళీయం అనుకునేవారు పరిపాలనా శాస్త్రాన్ని చులకన చేస్తున్నట్టే.

కంప్యూటర్లు వచ్చాక ఈ పన్నును ఇంటి దగ్గరే కట్టే వెసులుబాటు కలిగింది. పోర్టల్‌లో ఫొటో ఎక్కించబోతే సైజు ఎక్కువైందంటుంది. తగ్గించి ఎక్కిస్తే స్పష్టంగా లేదంటుంది. ఈ రెండింటికీ మధ్య మార్గం దొరికే లోపు సెషన్ ముగిసి, మళ్లీ ఇంటిపేరు దగ్గర మొదలుపెట్టమంటుంది. బిల్లులు కట్టలేకపోతున్నాను, ఆదుకోండి అని అడుగుతున్న మనిషికి, బిల్లు కట్టనందున ఆగిపోయిన ఆ ఫోనుకే ఓటీపీ పంపడంలోని నిష్పాక్షికతను మెచ్చుకోకుండా ఉండలేం. యంత్రానికి జాలి లేదనే విమర్శ ఉంది. కౌంటరు వెనుక జాలి పొంగిపొర్లిన రోజులు ఎవరికైనా గుర్తుంటే చెప్పవచ్చు.

పూర్వకాలపు ప్రభుత్వాలు ఈ విషయంలో ఎంత మొరటుగా ఉండేవో చరిత్ర చదివితే తెలుస్తుంది. వారికి కాలం విలువ తెలియక సిగ్గును వసూలు చేసేవారు. ఇంగ్లండులో 1697 నాటి చట్టం ప్రకారం సాయం పొందేవారు కుడి భుజం మీద ఎర్రని లేదా నీలి గుడ్డతో ‘పి’ అనే అక్షరం కుట్టుకుని తిరగాలి. ఈ నియమం 1810 దాకా చట్టంలో ఉంది. అక్కడే 1834లో వచ్చిన పేదల చట్టం, సాయం పొందేవాడి స్థితి అందరికన్నా అడుగున ఉన్న కూలివాడి స్థితికన్నా దిగువనే ఉండాలని సూత్రీకరించింది. జర్మనీలో బిస్మార్క్ హయాంలో 1889లో వచ్చిన వృద్ధాప్య పింఛను పథకం కొంత నాగరికమైనది: ఏళ్ల తరబడి చందా కట్టడంతోపాటు డెబ్బై ఏళ్లు నిండాలన్న షరతుతో, బతికి ఉండటాన్నే అర్హత పరీక్షగా మార్చింది. మన కాలంలో భుజం మీద గుడ్డ అక్కర్లేదు. చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో జిరాక్సుల కట్ట ఉంటే ఎవరు దేనికి వచ్చారో వాచ్‌మన్‌కు దూరం నుంచే తెలిసిపోతుంది.

సాయం మంజూరైతే పన్ను బాధ్యత తీరిందనుకోవడం అమాయకత్వం. ఆస్ట్రేలియాలో 2015లో మొదలైన ‘రోబోడెట్’ పథకాన్ని చూడండి. సాయం పొందినవాడి ఏడాది మొత్తం ఆదాయాన్ని పక్షానికింత అని కంప్యూటరు సమానంగా పంచేసేది. ఆరు నెలలు పనిచేసి ఆరు నెలలు ఖాళీగా ఉన్నవాడు, ఆ లెక్క ప్రకారం, ఖాళీగా ఉన్న రోజుల్లో కూడా సగం సంపాదించినట్టే. కాబట్టి తీసుకున్న సాయంలో కొంత బాకీ అని నోటీసు వెళ్లేది. బాకీ లేదని నిరూపించే భారం, ఎప్పటివో జీతం చీటీలు వెదికే భారం గ్రహీతదే. ఈ పథకం న్యాయమూ కాదు, చట్టబద్ధమూ కాదని 2023లో రాయల్ కమిషన్ అనే అధికారిక విచారణ సంఘం తేల్చింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ ఖర్చులకు ఇచ్చిన సాయాన్ని, ఒక సంతకం లోపించడం వంటి పొరపాట్లకు సైతం, మొత్తంగా తిరిగి కట్టమని వేల కుటుంబాల మీద పడ్డారు. ఆ గొడవతో 2021 జనవరిలో మంత్రివర్గం రాజీనామా చేసింది. ఏడాది తిరిగేసరికి అదే ప్రధానమంత్రి మళ్లీ కొత్త మంత్రివర్గంతో కొలువుదీరారు. ఆయన దరఖాస్తుకు ఏయే పత్రాలు జతపరిచారో తెలిస్తే మనవాళ్లకు ఎంతో ఉపయోగం.

అసలు అవసరం ఉన్నవారే మధ్యలో విసిగి వదిలేస్తున్నారన్న ఆక్షేపణకు కూడా సమాధానం ఉంది. శ్రమ పెట్టి వడపోస్తే నిజంగా అవసరమున్నవాడే చివరిదాకా నిలబడతాడని, లేనివాడు తనంతట తానే తప్పుకుంటాడని ఆర్థికవేత్తల్లో ఒక వాదం ఉంది. వినడానికి ముచ్చటగా ఉంటుంది. ఆచరణలో నిలబడేది చదువొచ్చినవాడు, మోకాళ్లు బాగున్నవాడు, తనతోపాటు సెలవు పెట్టి వచ్చే కొడుకున్నవాడు. పసిబిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లి, మందుల వేళ దాటిపోయిన ముసలాయన మధ్యాహ్నానికే తప్పుకుంటారు. వారికి అవసరం లేదని తేలినట్టే కదా. వారు వదిలేసిన మొత్తం బడ్జెట్లో మిగులుగా కనిపిస్తుంది. ఆ మిగులును చూపించి, పథకానికి అంత గిరాకీ లేదని వచ్చే ఏడాది కేటాయింపు తగ్గించవచ్చు.

ఇంత సమగ్రమైన ఏర్పాటులో నాకు కనిపించిన లోపం ఒక్కటే. డబ్బు కట్టినవాడికి రసీదు ఇస్తున్నారు, కాలం కట్టినవాడికి ఇవ్వడం లేదు. ఈ వివక్షను తొలగించాలని సంబంధిత విభాగానికి రాశాను. వెంటనే జవాబు రావడం నన్ను కదిలించింది. రసీదు కోరేవారు విడిగా దరఖాస్తు చేసుకోవచ్చునట. వేచి ఉన్న ప్రతి గంటకూ ఆ సమయంలో కౌంటరులో ఉన్న ఉద్యోగి సంతకం జతపరిస్తే చాలునట. ఆ ఉద్యోగి ప్రస్తుతం సెలవులో ఉన్నారు.