అది అరిగిపోలేదండీ, మురికి పట్టింది

చెప్పిందే చెప్పేవాళ్లని మనం అరిగిపోయిన రికార్డు అంటాం. ఆ మాట ఎవరు పుట్టించారో గానీ, దానివల్ల గ్రామఫోన్ రికార్డులకి జరిగిన అన్యాయం అంతా ఇంతా కాదు. ఒకే ముక్క దగ్గర ఇరుక్కుని అదే మళ్లీ మళ్లీ పాడే రికార్డు అరిగిపోయినట్టు కాదు. ముల్లు ముందుకి సాగకుండా వెనక గాడిలోకి జారిపోతోందని అర్థం. గీత పడి ఉండొచ్చు, లేకపోతే గట్టిపడిన మురికి ముక్క ఒకటి గాడికి అడ్డంగా కూర్చుని ఉండొచ్చు. రెండోదే అయితే కడిగితే పోతుంది. కడిగితే పోయేదానికి అరిగిపోయిందని పేరు పెట్టి ఎన్ని రికార్డుల్ని పారేశారో తలుచుకుంటే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఇప్పుడు ఇది ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల తెలిసినాయన ఒకరు ఇల్లు సర్దుకుంటూ 30 ఎల్పీల (నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పెద్ద రికార్డుల) కట్ట నా చేతిలో పెట్టి, "అన్నీ అరిగిపోయాయి, గోడకి తగిలించుకుంటారో పారేస్తారో మీ ఇష్టం" అన్నారు. ఇప్పటివరకు 19 కడిగాను. వాటిలో 14 హాయిగా పాడుతున్నాయి. మూడిటికి లోతైన గీతలున్నాయి. నిజంగా అరిగిపోయినవి రెండంటే రెండే.

ఆయన వాటిని పట్టించుకోలేదా అంటే అదీ కాదు, అసలు నా బాధంతా అక్కడే ఉంది. పాట వేసే ప్రతిసారీ మెత్తటి పొడిబట్ట తీసుకుని ప్రేమగా, ఒత్తి ఒత్తి తుడిచేవారట. ఆ ప్రేమే వాటి కొంప ముంచింది. తుడవడం వేరు, కడగడం వేరు, ఈ ఒక్క ముక్క అర్థమైతే చాలు, మిగతా పోస్ట్ చదవకపోయినా నాకు బాధ లేదు.

గాడి ఎంత ఉంటుందో ఒకసారి ఊహించండి. ఇంచుమించు తల వెంట్రుక మందమంత వెడల్పు. ఒక వైపు 20 నిమిషాల పాట ఉంటే, నిమిషానికి 33⅓ చుట్ల లెక్కన ప్లేటు 660 పైచిలుకు సార్లు తిరుగుతుంది. ఆ గాడిని విప్పి తాడులా పరిస్తే 400 మీటర్లు దాటుతుంది. స్టీరియో రికార్డులో ఆ గాడికి రెండు గోడలు, ఒక్కో గోడ మీద ఒక్కో ఛానెల్ శబ్దం చెక్కి ఉంటుంది. పాటంతా ఆ గోడల మీదే ఉంది. ఇప్పుడు దాని మీద పొడిబట్ట పెట్టి ఒత్తితే ఏమవుతుంది? పైన తేలుతున్న దుమ్ములో కొంత బట్టకి అంటుకుంటుంది, మిగతాది గాడిలోపలికి దిగబడిపోతుంది. అందులో ఒక్క ఇసుక రేణువు ఉన్నా బట్ట కింద అది గరుకు కాగితంలా పనిచేస్తుంది. దానికి తోడు రుద్దుడు వల్ల వినైల్‌కి, అంటే ఎల్పీలు చేసే ప్లాస్టిక్‌కి, స్టాటిక్ విద్యుత్తు ఎక్కి, గదిలో ఉన్న దుమ్మునంతా మళ్లీ పిలిచి మరీ అంటించుకుంటుంది. అంటే మీరు శుభ్రం చేశాననుకున్న ఐదు నిమిషాలకే అది ముందుకన్నా మురికిగా ఉంటుంది. ఆ మురికి మీద వజ్రపు ముల్లు నడుస్తుంది. దాని బరువు 2 గ్రాములే కావచ్చు, కానీ ఆ బరువంతా ఆనేది కంటికి కనపడనంత చిన్న చోట, కాబట్టి అక్కడ పడే ఒత్తిడి మామూలుది కాదు. రేణువుని తీసుకెళ్లి మెత్తటి వినైల్ గోడలో గుచ్చేస్తుంది. అప్పుడు మాత్రం నిజంగానే పోయినట్టు, ఇక ఏ నీళ్లూ దాన్ని బాగుచేయలేవు.

ఇక వీడియోల్లో చూపించే చిట్కాలు. అద్దాలు తుడిచే స్ప్రే కొట్టమంటాడొకడు, తుప్పు వదిలించే నూనె స్ప్రే కొడితే ప్లేటు తళతళలాడుతుందంటాడు ఇంకొకడు. తళతళలాడటం ఎవరిక్కావాలండీ? మనం దాన్ని వింటాం కదా! ఆ నూనె గాడిలో పొరలా మిగిలిపోయి దుమ్ముని జిగురులా పట్టుకుంటుంది. రికార్డుని తడిపి, ఆ తడి మీదే ముల్లు పెట్టి వాయించమనేవాళ్లు కూడా ఉన్నారు. వాయిస్తున్నంతసేపూ చిటపటలు తగ్గుతాయి, నిజమే. కానీ మురికి ఆ తడిలో కలిసి ముద్దయి, ఆరాక గాడి అడుగున పేస్టులా గట్టిపడుతుంది. చెక్క అతికించే జిగురు పోసి ఆరాక పొరలా లాగేయడం గురించి చాలామంది అడుగుతున్నారు. కొందరికి బాగా పనిచేసింది, కాదనను. పొర మధ్యలో తెగి ముక్క గాడిలో ఉండిపోతే దాన్ని తీయడం నా వల్ల కాదు, అందుకే నేను ఆ జోలికి పోను.

స్పిరిట్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆ పొరపాటు నేనే చేశాను. మా తాతగారి దగ్గర్నుంచి వచ్చిన 78 స్పీడు రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలంది) ఒకటి ఉండేది, బరువైనది. దూదికి స్పిరిట్ అద్ది తుడిచాను. దూది నల్లగా అయితే ఎంత మురికి వస్తోందో అని సంతోషపడి ఇంకా రుద్దాను. వచ్చింది మురికి కాదు, రికార్డే. ఆ పాత 78లు దాదాపుగా అన్నీ లక్కతో చేసినవి. లక్కని స్పిరిట్‌లో కరిగించే కదా చెక్కకి పాలిష్ వేస్తారు, ఆ మాట నాకు తెలుసు, తెలిసీ తట్టలేదు. ఆ పాట మళ్లీ వినలేకపోయాను. దయచేసి 78ల దగ్గరికి ఏ రకం ఆల్కహాలూ రానివ్వకండి. వాటిని నీళ్లలో నానబెట్టకూడదు కూడా, తడిపి కడిగి వెంటనే ఆరబెట్టాలి. వినైల్ అలా కరిగిపోదు, నీళ్లలో కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి వాడి వెంటనే కడిగేస్తే నష్టం ఉండదని చాలామంది వాడతారు. నా అనుభవంలో మామూలు మురికికి దాని అవసరమే రాలేదు.

మరి నేనేం చేస్తానంటే, గొప్ప సామాన్లేమీ లేవు. డిస్టిల్డ్ వాటర్ కావాలి, ఇది మాత్రం రాజీ పడకండి. కుళాయి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు ఉంటాయి, బకెట్ అంచున తెల్లగా పేరుకునేవి అవే. నీరు ఆరిపోయాక ఆ తెలుపు గాడిలో మిగిలితే చిటపటలు మీరు కొని తెచ్చుకున్నట్టే. ఉత్త నీళ్లు కూడా సరిపోవు, వినైల్ మీద బొట్లు బొట్లుగా నిలబడిపోతాయి గానీ గాడిలోకి దిగవు. నీటిని పరుచుకునేలా చేసేది ఏదైనా కొద్దిగా కలపాలి. ఫోటో ఫిల్మ్ కడిగేవాళ్లు వాడే కొడాక్ ఫోటో-ఫ్లో లాంటివి అందుకే పనికొస్తాయి, లీటరుకి కొన్ని చుక్కలు చాలు. నురగ రావాలని ఎక్కువ పోయకండి, పోసింది తిరిగి వదిలించలేక చస్తాం. మధ్యలో ఉన్న కాగితం లేబుల్ తడవకుండా మూత పెట్టి, మెత్తటి సన్నని కుచ్చు ఉన్న బ్రష్‌తో గాడి ఎటు తిరిగితే అటే, గుండ్రంగా, ఒత్తకుండా తోమాలి. కేంద్రం నుంచి అంచుకి అడ్డంగా ఎప్పుడూ గీయకూడదు. మురికి నీటిలోకి వచ్చాక ఆ నీటిని వదిలేసి, శుభ్రమైన ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి కడగాలి. ఈ రెండో కడుగు చాలామంది ఎగ్గొడతారు, ఎగ్గొట్టి "కడిగినా తేడా లేదు" అంటారు. తేడా అంతా అందులోనే ఉంది! తర్వాత మైక్రోఫైబర్ బట్టతో అద్ది, రుద్దకుండా, నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. వేడి నీళ్లు వద్దు, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు, వినైల్ వేడికి వంగిపోతుంది.

కడిగిన రికార్డుని మళ్లీ ఆ పాత కాగితం కవర్లోనే పెడితే ఇంతసేపు పడ్డ కష్టం వృథా. ఆ కాగితం లోపలే సగం మురికి ఉంటుంది, పైగా లోపలికి బయటికి లాగినప్పుడల్లా స్టాటిక్ పుట్టిస్తుంది. యాంటీ స్టాటిక్ పాలిథీన్ స్లీవ్‌లు తెచ్చుకోండి. పాత కవరు మీద పాటల వివరాలో ఎవరి చేతి రాతో ఉంటే దాన్ని పారేయకుండా విడిగా అట్టలో పెట్టుకోవచ్చు. మెత్తటి పీవీసీ కవర్లు మాత్రం రికార్డుకి తగలనివ్వకండి, ఏళ్ల తరబడి అలా ఉంటే రికార్డు మీద మంచు పట్టినట్టు మసక వస్తుంది, అది కడిగినా పోదు. పుస్తకాల్లా నిటారుగా నిలబెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, ఒక పక్కకి ఒరగనివ్వకూడదు. ఎండ పడే కిటికీ పక్కన, ఎండలో ఆపిన కార్లో ఒక్క మధ్యాహ్నం కూడా ఉంచకండి.

ముల్లు సంగతి ఎవరూ మాట్లాడరు. 50 రికార్డులు కడిగి, మురికి ముల్లుతో వాయిస్తే ఏం లాభం? దాని మొనకి చిన్న దూది ఉండలా చెత్త పేరుకుంటుంది, శబ్దం మసకబారుతుంది, మనం రికార్డుని తిట్టుకుంటాం. చిన్న మెత్తటి బ్రష్‌తో వెనక నుంచి ముందుకి మాత్రమే, రికార్డు తిరిగే దిక్కులోనే, ఒకటి రెండు సార్లు లాగండి. పక్కలకి ఆడించారా, ముల్లుని మోసే సన్నని కడ్డీ వంగిపోతుంది. ముల్లు కూడా అరుగుతుంది, 500 నుంచి 1000 గంటల మధ్య మార్చమని తయారీదారులు మామూలుగా చెప్తారు. అరిగిన ముల్లు మంచి రికార్డుని కోసేస్తుంది, ఇక్కడ పిసినారితనం చూపించకండి.

రోజూ కడగక్కర్లేదు. ఒకసారి బాగా కడిగాక, వేసే ముందు కార్బన్ ఫైబర్ బ్రష్‌ని తిరుగుతున్న ప్లేటు మీద తేలిగ్గా ఆనించి రెండు చుట్లు తిప్పి ఎత్తేస్తే చాలు. బ్రష్ బరువు తప్ప చేతి బరువు పడకూడదు. రికార్డుని అంచులు, లేబుల్ పట్టుకునే తీయాలి, వేలిముద్రల జిడ్డు మీద బూజు కూడా పెరుగుతుంది.

ఏది పారేయాలో ఏది ఉంచాలో తేల్చుకోవాలంటే ముందు కడిగి తర్వాత వినండి. ఎక్కడ పడితే అక్కడ చిటపటలాడేది కడిగాక తగ్గితే అది దుమ్మే. ఒకే చోట, లెక్కపెట్టినట్టు ప్రతి 1.8 సెకన్లకి టక్కుమంటే అది గీత, ఎల్పీ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం అదే. చిటపటలు పోయినా, గొంతు పైకెత్తిన చోటల్లా బొంగురుగా, చీలినట్టు వినిపిస్తుంటే, ముఖ్యంగా చివరి పాటల్లో, అప్పుడు మాత్రమే అరిగిపోయిందనండి. ఆయన కట్టలో ఉన్న ఆ రెండూ అలాంటివే, కానీ వాటినీ పారేయలేదు నేను.

నిన్న రాత్రి ఆయనకి ఫోన్ చేసి, ఒకే ముక్క దగ్గర తిరుగుతుందని ఆయన ఎప్పుడో పక్కన పెట్టేసిన రికార్డుని వినిపించాను. ఇరుక్కునే చోటు వచ్చేసరికి అవతల నుంచి "ఇక్కడే, ఇక్కడే" అన్నారు. పాట ఆగకుండా ముందుకి వెళ్లిపోయింది. ఆయన పూర్తిగా విని, తర్వాత వైపు కూడా వేయమన్నారు. ఇంకా 11 మిగిలి ఉన్నాయి, నీళ్లు మార్చుకుని కూర్చోవాలి.