సక్సెస్ దాటితే లీడర్, మధ్యలో గుంతలు

మా ఫ్యామిలీ గ్రూప్ లో ఒక వీడియో తిరుగుతోంది, మీ గ్రూప్ కి కూడా ఈపాటికి వచ్చే ఉంటుంది, రాకపోతే రేపు పొద్దున్నే గులాబీ పువ్వు గుడ్ మార్నింగ్ వెనకాలే వస్తుంది. ఎవరో తమ్ముడు కెనడాలో కారు నడుపుతూ, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ముందేమో స్కేల్ పెట్టి గీసినట్టు రోడ్డు, రెండు పక్కలా గోధుమ చేలు, పైనంతా ఆకాశం, "చూడండి ఫ్రెండ్స్, ఒక్క మలుపు లేదు, ఒక్క గుంత లేదు, రోడ్డు మీద అన్నం వడ్డించుకుని తినొచ్చు, అభివృద్ధి అంటే ఇదీ" అంటున్నాడు. దాని కింద మా పెద్ద బావగారు మూడు దండాలు పెట్టి "మనవాళ్లు ఎప్పటికి నేర్చుకుంటారో" అని రాశారు. ఆయన మొన్నటిదాకా సింగపూర్ ఫుట్‌పాత్ లకి పెట్టేవారు అవే దండాలు.

నాకు రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టలేదు. ఇంత భక్తి ఉన్నప్పుడు స్థలపురాణం తెలియకపోతే ఎలా? అందుకే భక్తుల సౌకర్యార్థం, ఆ తమ్ముడు తిరిగే సస్కాచివాన్ రాష్ట్రంలోనే ఉన్న హైవే 32 క్షేత్ర మాహాత్మ్యం వినిపిస్తున్నా, అక్షింతలు చేతిలో పెట్టుకుని కూర్చోండి.

ఈ రోడ్డు స్విఫ్ట్ కరెంట్ అనే ఊరి దగ్గర మొదలై వాయవ్యంగా సుమారు 150 కిలోమీటర్లు పోయి లీడర్ అనే ఊళ్లో ఆగిపోతుంది. దార్లో మొదట తగిలే ఊళ్లలో ఒకదాని పేరు సక్సెస్. నేను కల్పించలేదు, మ్యాప్ తీసి చూసుకోండి. పట్టుమని వందమంది ఉండరు ఆ సక్సెస్ లో. సక్సెస్ దాటి తిన్నగా పోతే లీడర్ వస్తాడన్నమాట, మన పర్సనాలిటీ డెవలప్‌మెంట్ వాళ్లు మూడు రోజుల క్లాసుకి వేలకి వేలు గుంజి చెప్పేది కూడా ఇదేగా, అక్కడ పెట్రోల్ ఖర్చుతో అయిపోతుంది. మధ్యలో కాబ్రి, ఆబీ, లాన్సర్, సెప్టర్, ప్రెలేట్. కాబ్రి వదిలేస్తే, ఒక మఠం, ఒక బల్లెం పట్టుకున్న భటుడు, ఒక రాజదండం, ఒక మఠాధిపతి. ఊళ్లు కావు, తెర ఎత్తబోతున్న పౌరాణిక నాటకం. ఇక లీడర్ అసలు పేరు ప్రష్యా, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ పేరు నోటికి చేదైపోయి 1917లో రెజీనా లీడర్ పేపర్ పేరు తీసి పెట్టుకున్నారు. వెయ్యిమంది లోపు ఊరు, పేరు మాత్రం లీడర్. మా జిల్లాలో ఇలాంటి ఫ్లెక్సీలు బోలెడు.

ఇక తమ్ముడు మురిసిపోయిన ఆ తిన్నదనం సంగతి. 1871లో మొదలుపెట్టి దేశం పడమటి భాగాన్ని మైలు పొడవు మైలు వెడల్పు గడులుగా గీసేశారు, అలాంటి గడులు 36 అయితే ఒక టౌన్‌షిప్, గడుల మధ్య రోడ్డుకని సందు వదలడం, ఇనప మేకు పాతడం, పక్క గడికి పోవడం. ఈ ప్రాంతపు ఆదివాసులతో భూమి గురించి ట్రీటీ 4 అనే ఒప్పందం సంతకాలు 1874లో, అంటే భూమి ఎవరిదో వాళ్లని అడిగే పని కంటే గీసే పని మూడేళ్లు ముందే మొదలైంది. అంతకుముందు 1857లో జాన్ పాలిసర్ అనే ఆయన బయల్దేరి మూడేళ్లు ఆ దేశమంతా తిరిగి, దక్షిణాన ఉన్న ఈ ఎండు ముక్క వ్యవసాయానికి పనికిరాదని చెప్పి వెళ్లాడు. ఏ ప్రభుత్వమైనా నిపుణుడి మాటకి ఇచ్చే విలువే ఆయన మాటకీ ఇచ్చారు, పది డాలర్ల ఫీజుకి 160 ఎకరాలు రండి బాబూ రండి అని జనాన్ని దింపారు. 1930ల్లో ఆ మట్టి లేచి గాల్లో తిరిగింది. అన్నట్టు ఒక్క మలుపు లేదన్నావు కదా తమ్ముడూ, ఆ గడుల రోడ్ల మీద 24 మైళ్లకోసారి తిన్నగా పోయే రోడ్డు హఠాత్తుగా పక్కకి జరుగుతుంది. కరెక్షన్ లైన్ అంటారు. ఉత్తరానికి పోయేకొద్దీ గీతలు దగ్గరపడిపోతాయి కాబట్టి సర్దుబాటు. భూమి గుండ్రంగా ఉందని అక్కడ రోడ్డుకి గుర్తొస్తుంది, నీకు గుర్తు రాలేదు.

సరే, గుంతలు. 1960లు, 70ల్లో దుమ్ము లేవకుండా ఉంటే చాలని ఆ రాష్ట్రంలో వేల కిలోమీటర్ల పల్లె రోడ్ల మీద కింద కంకర పునాది లేకుండా మట్టి మీదే పలచగా తారు పరిచారు, మా ఆవిడ పెసరట్టు ఇంకొంచెం మందంగా వేస్తుంది. రైతు పికప్ కి, స్కూల్ బస్సుకి అది చాలు. అప్పట్లో ధాన్యం రైల్లో పోయేది, ఊరూరా ఎలివేటర్, అంటే ధాన్యం నిల్వచేసి రైలుకెత్తే ఎత్తైన గిడ్డంగి, ఉండేది, 1930ల్లో రాష్ట్రం మొత్తం మీద 3,000 పైన. ఆ రైలు కిరాయి చవగ్గా ఉండడానికి 1897 నుంచీ ఒక ఒప్పందం ఉండేది, క్రో రేట్ అనేవాళ్లు, 1983లో దాన్ని సబ్సిడీ చేశారు, 1995లో అదీ పీకేశారు. బడ్జెట్ లో ఆదా కనిపించింది, చప్పట్లు కొట్టారు. రైలు కంపెనీలు బ్రాంచి లైన్లు మూసుకుంటూ పోయాయి, ఊళ్లలో చెక్క ఎలివేటర్లు కూలాయి, ఎక్కడో దూరంగా కాంక్రీట్ టెర్మినల్స్ లేచాయి, అక్కడిదాకా ధాన్యం మోయడానికి 60 టన్నులు దాటే సూపర్ బీ లారీలు వచ్చి పెసరట్టు మీదకెక్కాయి. పైగా చలికాలం అడుగుల లోతుకి గడ్డకట్టిన నేల వసంతంలో కరిగి హల్వా అవుతుంది. ఆదా అన్నారే, అదంతా ఆ గుంతల్లోనే ఉంది, వెళ్లి తీసుకోవచ్చు. కొన్ని రోడ్లనైతే ప్రభుత్వమే తారు చెక్కేసి మళ్లీ కంకర చేసింది. అది అభివృద్ధికి రివర్స్ గేర్, వీడియోలో కవర్ చేయలేదనుకుంటా.

ఇప్పుడు అసలు ఘట్టం. 2006లో లీడర్ చుట్టుపక్కల జనం అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయి, బట్టలు విప్పేసి హైవే 32 గుంతల్లో దిగి ఫోటోలు దిగి కేలండర్ వేశారు. అవును కేలండర్. మన దగ్గర గుంతలో వరి నాట్లు వేస్తారు, చేపలు వదులుతారు, వాళ్లు వాళ్లనే వదులుకున్నారు. ఆ ప్లానింగ్ మీటింగ్ మన ఊళ్లో జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోవడం నాకు ఈమధ్య హాబీ అయిపోయింది. జనవరి పేజీ నాదే అంటాడు సర్పంచ్ బామ్మర్ది, గోడ మీద నెలంతా మొదట కనపడేది వాడే కావాలి కాబట్టి. రిటైర్డ్ హెడ్మాస్టారు గారు నేను దిగుతా గానీ గుంత లోతు ఎంతో ముందు టేపు పెట్టి కొలవండి అంటారు, మోకాలి లోతు వస్తుంది, ఆయన తల అడ్డంగా ఊపి ఇంకో గుంత చూపించమంటారు, నడుం దాకా వచ్చేది ఊరి చివర ఒకటి ఉంది మాస్టారూ అంటారు, అది నేను ఎప్పుడో రిజర్వ్ చేసుకున్నా అంటుంది అంగన్వాడీ రంగమ్మత్త. కాంట్రాక్టర్ ఫోన్ చేసి ఆ గుంత నేను చేసిందే, కింద నా పేరు వెయ్యండి అంటాడు. కిరాణా కొట్టాయన స్పాన్సర్ చేస్తానని వచ్చి రాహుకాలం ఏ మూల వేస్తారని అడుగుతాడు, దానికి వేరే గడి ఎందుకయ్యా, ఆ రోడ్డెక్కితే రోజంతా అదే.

నవ్వుకున్నారా? నేనూ నవ్వాను, తర్వాత ఇంకోటి గుర్తొచ్చి ఆగిపోయా. 1962లో ఉత్తర అమెరికాలో అందరికంటే ముందు జనానికి ప్రభుత్వ ఖర్చుతో డాక్టర్ని ఇచ్చిన రాష్ట్రం అది. అదే రాష్ట్రం 1993లో 52 చిన్న ఊళ్ల ఆసుపత్రులు ఎత్తేసి చాలావాటికి హెల్త్ సెంటర్ అని బోర్డు మార్చింది. దూరంగా పెద్ద ఆసుపత్రి ఉందిగా, రోడ్డుందిగా అన్నారు. రెండేళ్లకి లారీలని ఆ రోడ్ల మీదకే తోలారు. గుండె పట్టుకున్న ముసలాయన్ని, నొప్పులు పడుతున్న పిల్లని అంబులెన్స్ లో పెట్టుకుని ఆ గుంతలు తప్పించుకుంటూ పోతే నిమిషాలు ఎవరి ఖాతాలోంచి పోతాయిరా? ఆసుపత్రి తీశారు, రైలు తీశారు, తర్వాత అడిగినవాళ్లకి జనాభా లేదన్నారు, ఆసుపత్రి లేని ఊళ్లో జనాభా ఎలా ఉంటుంది, ఒక సర్కారు కాదు ఆ సర్కారు ఈ సర్కారు అందరూ కలిసి తీరిగ్గా ఇరవయ్యేళ్లు చేశారు ఆ పని, జనం బట్టలు విప్పుకుని నిలబడితే తప్ప కెమెరా అటు తిరగలేదు. సిగ్గు పడాల్సింది ఆ గుంతలో నిలబడినవాళ్లు కాదు.

2007 నవంబర్ లో ప్రభుత్వం మారింది, ఆ రోడ్డు మొదలయ్యే స్విఫ్ట్ కరెంట్ ఎమ్మెల్యే బ్రాడ్ వాల్ ముఖ్యమంత్రి అయ్యాడు, తర్వాత ముక్కలు ముక్కలుగా రోడ్డు మళ్లీ వేశారు. అందుకే తమ్ముడు ఇప్పుడు దానిమీద అన్నం తినగలడు, తిననీ పాపం.

ఒక్కటి మాత్రం చెప్పాలి వాడికి. లీడర్ లో ఆగకుండా పాత రైలు పోయిన దారినే ఇంకొంచెం పడమటికి పోతే అల్బర్టా బోర్డర్ దాటగానే ఎంప్రెస్ అని ఊరుంది. ఆ చక్రవర్తిని విక్టోరియా రాణిగారు, ఇంగ్లండ్ లో ఆవిడ ఉత్త రాణే, చక్రవర్తిని అయ్యింది మన ఇండియా మీద. అంటే ఆ నాటకంలో పెద్ద వేషానికి కిరీటం మనదే తమ్ముడూ, కాస్త దిగి ఫోటో తీసి గ్రూప్ లో పెట్టు, బావగారు దండాలు పెట్టుకుంటారు.