చల్లటి సీటన్నారు, ఫ్యాను బిగించారు

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఏదో ఫంక్షన్ హాలు ముందు రెండు గంటలపాటు ఎండలో నిలిపిన కారులోకి ఎక్కినవారికి, దాని ధర ఎనిమిది లక్షలో ఎనభై లక్షలో మొదటి పది నిమిషాలలో తేడా తెలియదు. స్టీరింగు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది, తోలు సీటుకు వీపు ఆనించాలంటే భయం వేస్తుంది. తేడా ఏదైనా ఉంటే ఆశలోనే ఉంది. ఎనభై లక్షల కారు యజమాని సీటు బొమ్మ ఉన్న మీటను నొక్కి, నీలి దీపాలు మూడూ వెలిగించి, వీపు కింది నుంచి చల్లదనం వస్తుందని ఎదురుచూస్తాడు. వచ్చేది వెచ్చటి గాలి. ఖరీదైన కార్లు కొన్నవారి నోట వేసవి వేసవికీ వినిపించే నిరాశకు మూలం యంత్రం చెడిపోవడంలో లేదు. యంత్రం తన పని తాను సక్రమంగానే చేస్తుంది. ఆ పని ఏమిటో కొన్నవారికి ఎవరూ చెప్పలేదు.

బ్రోచర్లలో దీనిని ఎక్కువగా వెంటిలేటెడ్ సీటు అనే రాస్తారు. షోరూంలో నోటితో చెప్పేటప్పుడు మాత్రం అది కూల్డ్ సీటు అయిపోతుంది. చాలా కార్లలో ఆ సీటు లోపల ఉండేవి చిన్న ఫ్యాన్లు, వాటి గాలి పారడానికి మెత్త లోపల కాలువలు, పైన సన్నటి రంధ్రాలు పొడిచిన తోలు, అంతే. అవి కారులోపల ఉన్న గాలినే తీసుకుని అటో ఇటో నడుపుతాయి. లోపలి గాలి యాభై డిగ్రీల మీద ఉంటే సీటులో నుంచి వచ్చేదీ ఆ గాలే. దీపాలు ఒకటి నుంచి మూడుకు పెరిగితే పెరిగేది ఫ్యాను వేగం, చల్లదనం కాదు.

అయితే ఈ ఏర్పాటు పనికిమాలినదని అనడానికి వీలు లేదు. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి కూడా సుమారు 100 వాట్ల వేడి నిరంతరం బయటికి పోవాలి. సీటుకు ఆనిన వీపూ తొడలూ ఆ పని చేయలేవు, ఎందుకంటే అక్కడ చెమట ఆరే దారి మూసుకుపోతుంది. ఒక గ్రాము చెమట ఆరితే దాదాపు 2.4 కిలోజౌళ్ల వేడిని తనతో తీసుకుపోతుంది కనుక, ఆ దారి తెరవగలిగితే ఫ్యాను గాలి చల్లగా లేకపోయినా ఒంటికి హాయిగానే ఉంటుంది. ఈ సూత్రం మనకు కొత్తది కాదు. వేసవి రాత్రి పరుపు తీసేసి నులకమంచం మీద పడుకున్నవారికి, గుమ్మానికి వట్టివేళ్ళ తడికె కట్టి నీళ్ళు చల్లినవారికి దాని సంగతి బాగా తెలుసు. టాక్సీ డ్రైవర్లు సీటు మీద పరుచుకునే చెక్కపూసల కవరు, ఒకప్పటి అధికారుల అంబాసిడర్ సీట్ల మీద పరిచిన తెల్లటి టర్కీ తువ్వాలు కూడా ఆ సమస్యకు దొరికిన పరిష్కారాలే. తువ్వాలును హోదాకు గుర్తు అని అందరూ అనుకున్నారు గాని, రెక్సిన్ మీద చెమటతో అతుక్కుపోకుండా కాపాడింది అదే.

1997లో స్వీడన్ కంపెనీ సాబ్ తన 9-5 మోడల్ సీట్లలో ఫ్యాన్లు అమర్చినప్పుడు అవి గాలిని కూర్చున్నవారి మీదికి ఊదలేదు. ఒంటి దగ్గరి తేమగాలిని సీటులోకి లాగేసేవి. అంటే తయారుచేసినవారి ఉద్దేశం చెమట ఆర్చడమే. నిజంగా సీటునే చల్లబరిచే ప్రయత్నం కూడా జరగకపోలేదు. కరెంటు పంపితే ఒక వైపు చల్లబడి రెండో వైపు వేడెక్కే పెల్టియర్ పలకలను అమెరికాలోని అమెరిగాన్ అనే సంస్థ 2000 సంవత్సరపు లింకన్ నావిగేటర్ సీట్లలో పెట్టింది. 1834లో కనిపెట్టిన సూత్రం అది. దాని చిక్కల్లా ఆ రెండో వైపు వేడిని ఎక్కడో వదలాలి, వదిలేది మళ్ళీ కారులోపలే. ఫ్యానుతో పోలిస్తే ఖర్చూ కరెంటూ రెండూ ఎక్కువే. అందుకే మార్కెట్టులో ఎక్కువగా మిగిలింది ఉత్త ఫ్యాను, దానికి అంటుకుని మిగిలిపోయింది కూల్డ్ అనే మాట.

ఇక ఈ ఫ్యాను సీటు మన నేల మీద ఎలా పనిచేస్తుందన్నది మరో కథ. చెమట ఆరడం గాలిలోని తేమను బట్టి ఉంటుంది. రోహిణి కార్తెలో రెంటచింతల వడగాలి వేరు, విశాఖపట్నం ఉక్కపోత వేరు. ఉక్కపోతలో సీటు ఫ్యాను ఎంత తిరిగినా, ఏసీ ముందుగా లోపలి గాలిలోని తేమను పిండితే తప్ప చెమట ఆరదు. కాబట్టి సీటు పనితనం మొత్తం ఏసీ మీద ఆధారపడిందే; ఏసీ గెలిచిన తరువాతే సీటు పని మొదలవుతుంది. కొన్న మరునాడే తోలు పాడవకుండా పైన మరో సీటు కవరు వేయించేవారు మనలో తక్కువేమీ కాదు. ఆ కవరుతో రంధ్రాలన్నీ మూసుకుపోతే ఫ్యాను ఎంత తిరిగినా ఫలితం ఉండదు. అన్నిటికన్నా వింతైన సంగతి ఏమిటంటే, మన దగ్గర ఇంత ఖరీదైన కారు యజమాని తరచు వెనక సీటులో కూర్చుంటాడు, చాలా మోడళ్ళలో ఈ సౌకర్యం ముందు సీట్లకే పరిమితం. డబ్బు పెట్టినవాడు చెమటలు కక్కుతుంటే డ్రైవరు వీపు ఆరుతుంది. న్యాయంగా చూస్తే అదీ మంచిదే అనుకోండి, రోజంతా కూర్చునేది అతడే కదా.

ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ విషయానికి వస్తే నిరాశకు కారణం ఇంకా లోతుగా ఉంది. 1964లో క్యాడిలాక్ కార్లలో ఇది వచ్చినప్పటి నుంచి ఇచ్చిన హామీ ఒక్కటే: ఒక అంకె పెట్టండి, మిగతాది యంత్రం చూసుకుంటుంది. కాని ఆ అంకె గాలి ఉష్ణోగ్రతది, హాయిది కాదు. డెన్మార్క్ శాస్త్రవేత్త పౌల్ ఓలె ఫాంగర్ 1970 నాటికే మనిషికి కలిగే హాయిని ఆరు అంశాలతో లెక్కగట్టాడు. గాలి ఉష్ణోగ్రత వాటిలో ఒకటి మాత్రమే. చుట్టూ ఉన్న ఉపరితలాల నుంచి ప్రసరించే వేడి, గాలి వేగం, తేమ, వేసుకున్న బట్టలు, శరీరం చేస్తున్న శ్రమ మిగతా అయిదు. సాయంత్రం విజయవాడ నుంచి హైదరాబాద్‌కు 65వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చేవారికి పడమటి ఎండ ముందు అద్దంలో నుంచి నేరుగా ఒడిలో పడుతుంది. తెర మీద 22 అని కనిపిస్తున్నా మోకాళ్ళు కాలిపోతుంటాయి, మెడకు మాత్రం చలి వేస్తుంటుంది. డాష్‌బోర్డు మీద ఎండను కొలిచే సెన్సరు ఉంటుంది, దానిని బట్టి బ్లోయరు వేగమూ పెరుగుతుంది. అయినా నెత్తి మీద కాగుతున్న అద్దాన్ని ఆ గాలి చల్లార్చలేదు.

అద్దం ప్రస్తావన ఎలాగూ వచ్చింది కనుక, నా అసలు అభ్యంతరం కూడా చెప్పేస్తాను. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్ల శక్తి పడుతుంది. అటువంటి దేశంలో విలాసానికి గుర్తుగా కారు పైకప్పంతా అద్దం చేసి, ఆ అద్దం తెచ్చిన వేడితో పోరాడడానికి సీటు కింద ఫ్యాను పెట్టి, రెండింటికీ విడివిడిగా ధర వసూలు చేయడం నాకు వింతగా తోస్తుంది. చలిదేశాలలో పైనుంచి పడే ఎండ ఒక వరమని ఒప్పుకుంటాను. ఇక్కడ మాత్రం పైకప్పు అద్దానికి తెర లాగేసి తిరగడమే వేసవంతా మనం చేసే పని.

అద్దాలకు నల్ల ఫిల్ములు అతికించుకోవడాన్ని సుప్రీంకోర్టు 2012లో నిషేధించింది; నిబంధనల ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు రావాలి. అయితే సూర్యుడి శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలలో ఉంటుంది. వెలుతురును వదిలి వేడిని మాత్రం తిప్పికొట్టే పూతలను అద్దం తయారయ్యేటప్పుడే వేయవచ్చు. కొన్ని కార్లలో అవి ఉన్నాయి కూడా. కాని ఆ పూతకు దీపం లేదు, మీట లేదు, టెస్ట్ డ్రైవ్‌లో చూపించడానికి ఏమీ లేదు. కనుక అమ్మకం మాటలలో ఫ్యాను సీటుకు దక్కే స్థానం దానికి దక్కదు.

ఏసీ మీటలకు బదులు వచ్చిన తాకేతెరల (టచ్‌స్క్రీన్ల) వ్యవహారం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. స్వీడన్‌కు చెందిన ఒక మోటారు పత్రిక 2022లో చేసిన పరీక్షలో, ఉష్ణోగ్రత మార్చడం, సీటును వేడి చేసే మీట నొక్కడం వంటి కొన్ని పనులు 2005 నాటి వోల్వో వి70లో మామూలు మీటలతో 10 సెకన్లలో పూర్తయితే, తెరతో నడిచే ఒక కొత్త కారులో దాదాపు 45 సెకన్లు పట్టింది. ఫోక్స్‌వాగన్ వంటి సంస్థలు ఉష్ణోగ్రతకూ ఫ్యానుకూ మళ్ళీ మీటలు తెస్తామని ఇప్పుడు చెబుతున్నాయి.

ఇంతలో ఫ్యాను సీటు కిందికి దిగివచ్చింది. 2017లో హ్యుందాయ్ వెర్నా, 2020లో కియా సోనెట్ దానిని మధ్యతరగతి ఇంటి ముందుకు తెచ్చాయి. ఆ కార్లు కొన్నవారిలో నిరాశ తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే వారు పెట్టిన ధరకు ఫ్యాను అన్నది అదనపు సంతోషం. దానికి నాలుగైదు రెట్లు పెట్టినవారికీ దొరికేది చాలావరకు అటువంటి ఫ్యానే అయినప్పుడు, తక్కిన డబ్బు దేనికి ఇచ్చామని అడిగే హక్కు వారికి ఉంది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే కొలత ఒకటి కావాలి. ఇంటి ఏసీకి నక్షత్రాలు ఉన్నాయి, కారుకు లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్న అంకె ఉంది. ఎండలో గంటసేపు నిలిపిన కారు లోపల కూర్చోగలిగే స్థితికి ఎన్ని నిమిషాలలో వస్తుంది, వెనక సీటుకు ఆ చల్లదనం ఎప్పుడు చేరుతుంది అన్న రెండు అంకెలు మాత్రం ఏ బ్రోచరులోనూ నాకు కనిపించలేదు. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగితే దానితోపాటే ఏసీకి చల్లదనం ఇచ్చే కంప్రెసరు ఆగే కార్లు ఏవో, బ్యాటరీతో కంప్రెసరు నడుస్తూనే ఉండే కార్లు ఏవో కూడా కొనేవారికి ముందే తెలియాలి. ఎలక్ట్రిక్ కార్లలో ఎక్కకముందే ఫోను నుంచి ఏసీ వేసుకునే వీలుంది. వేసవిలో మూడు నీలి దీపాలకన్నా దాని విలువ ఎక్కువని నా అభిప్రాయం. అంతవరకు కొనేవారికి మిగిలిన మార్గం ఒకటే: టెస్ట్ డ్రైవ్‌కు సాయంత్రం వెళ్ళకుండా మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్ళి, షోరూం నీడలో ఉన్న బండిని బయట పెట్టించి, గంట తరువాత ఎక్కడం, ఎక్కేటప్పుడు వెనక తలుపు తీయించుకోవడం.