ఇసుకకు ఆ అధికారం ఎవరిచ్చారు?

శ్రీకాకుళం జిల్లాలో ప్రాణమున్నవాటికీ ప్రాణంలేనివాటికీ మధ్య ఏళ్ల తరబడి నడుస్తున్న లోపాయికారీ వ్యవహారాల మీద ఇంతవరకు ఒక్క విచారణ కమిటీ కూడా పడలేదు. రశీదు లేదు, ఒప్పంద పత్రం లేదు, తహసీల్దారు సంతకం అసలే లేదు. అయినా మట్టి ఇస్తూనే ఉంది, వేరు పుచ్చుకుంటూనే ఉంది. గెడ్డలో నీరు దిగగానే చేప గుడ్లు పెట్టేస్తోంది. బాధ్యత గల పౌరుడిగా ఇక చూస్తూ ఊరుకోలేక ఈ వ్యాసం రాస్తున్నాను.

ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చుందని ఎవరూ అనలేరు. ఎవరి హద్దులో వాళ్లుండేలా శాఖలు ఏర్పాటు చేసింది. నీరు జలవనరుల శాఖది, నీట్లో చేప మత్స్యశాఖది. ఇసుక గనుల శాఖది, ఇసుకలో తాబేలు గుడ్డు అటవీశాఖది. ఎండా గాలీ వాతావరణ శాఖవి. వాళ్లకి వాటిని ఆపే అధికారం లేదు గానీ, వస్తున్నాయని చెప్పే అధికారం ఉంది. ఉప్పు కేంద్రానిది. దాన్ని చూసుకునే సాల్ట్ కమిషనర్ ప్రధాన కార్యాలయం సముద్రం మొహమే ఎరగని జైపూర్‌లో ఉంది. ఇంత శ్రద్ధగా గట్లు వేశాక కూడా ఈ జీవులూ నిర్జీవులూ ఒకరి మడిలోకి ఒకరు దిగిపోతుంటే తప్పెవరిది?

తొలి ముద్దాయి ఆర్థర్ టాన్స్లీ అనే ఇంగ్లండు వృక్షశాస్త్రవేత్త. మొక్కల్నీ జంతువుల్నీ వాటి చుట్టూ ఉన్న మట్టి, నీరు, వాతావరణం నుంచి విడదీసి చూడడం కుదరదని, అన్నీ కలిపితేనే ఒక వ్యవస్థ అని 1935లో రాసేశాడు. పాపం, ఆయనకి మన రెవెన్యూ ఆఫీసులో ఒక్క నెల గుమాస్తాగిరీ చేసే భాగ్యం దక్కలేదు.

ఇక ఇసుక సంగతి. మన జిల్లా తీరం సుమారు 193 కిలోమీటర్లు. ఏటా చలికాలం వెళ్లిపోయే రోజుల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కి, గొయ్యి తీసి, ఒక్కొక్కటీ వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, మళ్లీ వెనక్కి చూడకుండా సముద్రంలోకి పోతాయి. అక్కణ్ణించి 45 నుంచి 60 రోజులు పొదిగే పని ఇసుకది. పొదిగి ఊరుకుంటే నాకూ అభ్యంతరం లేదు. లోపలున్నది ఆడదా మగదా అన్నది కూడా ఇసుకే తేలుస్తోంది! గూడు చల్లగా ఉంటే మగపిల్లలు, వేడిగా ఉంటే ఆడపిల్లలు. సుమారు 30 డిగ్రీల దగ్గర లెక్క అటూ ఇటూ మొగ్గుతుంది. కడుపులో బిడ్డ ఆడో మగో బయటపెట్టిన డాక్టరుకి జైలు శిక్ష వేసే చట్టం మనకి 1994 నుంచీ ఉంది. చెప్పినందుకే జైలయితే, ఏకంగా నిర్ణయించేస్తున్న ఇసుక మీద ఏ సెక్షను పెట్టాలి?

ఇసుకని నిలదీస్తే ఎండ పేరు చెబుతుంది. ఎండ మబ్బు మీదికి తోస్తుంది. మబ్బు సముద్రం వైపు చూపిస్తుంది. ఈ ఒక్క విద్య మాత్రం వీళ్లు మన ఆఫీసుల వరండాల్లోనే నేర్చుకున్నారని నా గట్టి అనుమానం. భూమి వేడెక్కే కొద్దీ ఆడ తాబేళ్లు పెరిగిపోయి మగవి కరువవుతాయేమోనని శాస్త్రవేత్తలు బెంగపడుతున్నారు. అందుకే కొన్నిచోట్ల గుడ్ల మీద నీడకి పందిరి వేస్తున్నారు. పెళ్లికొడుకుల కొరత రాకుండా పుట్టకముందే పందిరి వేయడం మన ఆచారాల్లో ఎక్కడా లేదు.

శ్రీకూర్మంలో కూర్మనాథుడికి హారతి ఇస్తాం. అదే జిల్లా ఒడ్డుకి ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిన తాబేళ్లు కొట్టుకొస్తాయి. దీన్ని మాత్రం ఇసుక ఖాతాలో రాయడం కుదరదు. కాబట్టి ఎవరి ఖాతాలోనూ రాయలేదు.

రెండో కేసు కొంగలది. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానాకాలం మొదట్లో నత్తగుల్ల కొంగలు దిగుతాయి. ముక్కు మూసినా మధ్యలో సందు ఉండిపోతుంది. నత్తల్ని పట్టి తినడానికే ఆ ముక్కు. పిట్టలొస్తే వానలొస్తాయని ఊరి నమ్మకం, అందుకే వాటి జోలికి ఎవరూ పోరు. చదువుకున్నవాళ్లు ఇదే మాటని తిరగేసి చెబుతారు. వాన పడితే మడుల్లో నీళ్లు, నీళ్లుంటే నత్తలు, నత్తలుంటే కొంగలు అని. ఉభయపక్షాల వాదనా విన్నాను. శాస్త్రం చదువుకున్నవాళ్ల వైపే ఉంది. కానీ కొంగ మీదికి లేచిన రాయిని ఆపింది మాత్రం ఊరివాళ్ల వాదమే. శాస్త్రానికి ఇంకా అలాంటి రికార్డు లేదు.

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో వ్యవహారం మరీ బరితెగించింది. చలికాలంలో గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ల కొంగలు నౌపడ వైపు ఉప్పునీటి పర్రల్లో చేపలు మేసి వచ్చి ఊళ్లో చెట్ల మీద పిల్లల్ని పెంచుతాయి. కింద నేలంతా రెట్ట. రెట్టలో నత్రజని, భాస్వరం. ఇసుక లారీ కనబడితే ఆపి వే బిల్లు అడుగుతాం కదా, నీటిలోని సరుకు రోజూ పిట్ట పొట్టలో ఊళ్లోకి దిగుతుంటే అడిగే నాథుడు లేడు. పైగా మోతాదు మించితే ఆ రెట్టే తను కూర్చున్న చెట్టుని మాడ్చేస్తుంది. ఎరువా విషమా అన్నది కూడా ముందుగా డిక్లేర్ చేయరు.

పొలాల్లోనూ ఇదే తంతు. వరి కోతల వేళ చల్లిన మినుము వేళ్లకి బుడిపెలు కడతాయి. ఆ బుడిపెల్లో కాపురముండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి అందిస్తుంది. గాలిలో నూటికి 78 వంతులు నత్రజనే. నిలువెత్తు నత్రజనిలో నిలబడి మన రైతు యూరియా బస్తా కోసం ఆధార్ కార్డు పట్టుకుని క్యూ కడతాడు. ఇదొక్కటే ఈ జిల్లాలో పద్ధతిగా, కాగితాల మీద నడుస్తున్న లావాదేవీ.

గాలి గురించి ఫిర్యాదు ఇంకొకటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటి, ఉద్దానం ప్రాంతంలో కొబ్బరినీ జీడినీ పడుకోబెట్టేసింది. అంతటితో అయిపోయిందనుకుంటాం. పడిన కొబ్బరి మాను కుళ్లితే అందులో కొమ్ముపురుగు గుడ్లు పెడుతుంది. రెక్కలొచ్చాక అదే పురుగు నిలబడి ఉన్న చెట్టు మొవ్వులోకి దూరి తొలిచేస్తుంది. గాలి కూల్చిన చెట్టు తుపాను నష్టం జాబితాలోకి ఎక్కుతుంది. పురుగు తినేసిన చెట్టుని ఏ జాబితాలో వేస్తారు? గాలి మీదే వేద్దామంటే నిందితురాలు అప్పటికే బెంగాలు వైపు పరారీ.

ఇన్ని అరాచకాల మధ్య ఈ చిక్కుని సమూలంగా విప్పింది కాగితమే. సోంపేట బీల అనే చిత్తడి నేల చూడండి. కొండవాలు నీరు, వాననీరు అక్కడికొచ్చి నిలుస్తాయి. ఆ నీట్లో తుంగ, తుంగలో చేప, చేప కోసం కొంగ, గట్టున గేదె. వేసవిలోనూ చుట్టుపక్కల మడులకి తడి. ఇందులో ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఏ శాఖ గట్టు ఎక్కడ వేయాలో ఎవరికీ తెలియదు. అంచేత థర్మల్ ప్లాంటు అనుమతుల కాగితాల్లో దాన్ని పనికిరాని బీడుగా రాసేశారు. ఒక్క కలం పోటుతో చేపా లేదు, నీరూ లేదు. గేదెలు తోలుకెళ్లే ముసలాయన ఎవరైనా "పనికిరాని బూమైతే మరి ఈటికి పాలెక్కణ్ణించి వస్తన్నాయి బావూ?" అని అడగొచ్చు. ఆయనకి గేదె తెలుసు, ఫైలు తెలియదు.

2010 జూలై 14న అక్కడ ఆ ప్లాంటు వద్దన్నవాళ్ల మీద జరిగిన పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో ఇంకో తంపర (అదీ చిత్తడి నేలే), ఇంకో థర్మల్ ప్లాంటు, మళ్లీ కాల్పులు. ఈ పేరాలో వెటకారం లేదు.

నా సిఫార్సులకి వస్తాను. తాబేలు గుడ్డు పెట్టేముందు ఇసుక నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. గూడబాతులకి నివాస ధ్రువీకరణ తప్పనిసరి చేయాలి, రెట్టకి బరువు తూచి వే బిల్లు ఇవ్వాలి. మినుము వేళ్లలో అద్దె కట్టకుండా ఉంటున్న బాక్టీరియాకి నోటీసులు పంపాలి. నీటికి మాత్రం ముందుగా చదువు చెప్పించాలి. ఎందుకంటే మా అనుభవం అదే.

మా కాలనీ ఒకప్పుడు చెరువు గర్భం. లేఅవుట్ కాగితంలో చెరువు లేదు, కాబట్టి చెరువు లేదు. అక్షరం ముక్క రాని నీరు మాత్రం గట్టి వాన పడగానే పాత అలవాటు కొద్దీ నేరుగా వచ్చి మా హాల్లో కూర్చుంటుంది. వెనకాలే కప్పలు. రాత్రంతా వాటి సభ. ఒక ఆఫీసులో అర్జీ ఇస్తే, నీరైతే మేం చూస్తాం, కప్పలకి ప్రాణముంది కనక మా పరిధి కాదన్నారు. ఇంకో ఆఫీసుకి వెళ్తే, కప్ప అడవిలో ఉంటే మాది, మీ హాల్లో ఉంటే మీదే అన్నారు. చివరికి కాలనీవాళ్లం చందాలేసుకుని మనిషిని పెట్టి కప్పల్ని ఏరించి, గుంటల్లో మందు పోయించాం. ఇప్పుడు రాత్రిళ్లు చప్పుడు లేదు. దోమలు మాత్రం ఎక్కడ లేనివన్నీ మా ఇళ్లలోనే ఉన్నాయి. వాటి మీద అర్జీ రాసి సిద్ధంగా ఉంచాం. ఏ శాఖ పేరు రాయాలో తెలిసినవారు చెబితే పైన ఆ ఒక్క గీతా నింపుకుంటాం.