మూడో వరుసకు వినిపించని తారామతి

ధ్వనిశాస్త్రంలో ఒక చిక్కుముడి చాలా కాలంగా అలాగే పడి ఉంది. ఏ ప్రభుత్వమూ దాని మీద కమిటీ వేయలేదు కాబట్టి విప్పే బాధ్యత నా నెత్తిన పడింది.

సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా (పాలన 1626–1672) గోల్కొండ కోటలో కూర్చుని ఉంటే, దాదాపు రెండు కిలోమీటర్ల అవతల ఇబ్రహీంబాగ్‌లో గుట్ట మీద తారామతి అనే గాయని పాడే పాట గాలివాటున వచ్చి ఆయన చెవిన పడేదని కథ. మైకు లేదు, స్పీకరు లేదు, అసలు కరెంటే లేదు. మొన్న ఆదివారం ఆ గుట్ట దగ్గరే ఆ కథనే నాటకంగా వేశారు. ఆరు మైకులు, నాలుగు స్పీకర్లు పెట్టారు. నేను మూడో వరుసలో కూర్చున్నాను. పాట నాకు వినిపించలేదు.

ఆ గుట్ట మీదున్నదే తారామతి బారాదరి. బారాదరి అంటే పన్నెండు ద్వారాల మండపం. ఎటునుంచి గాలి వచ్చినా రావమ్మా అనే కట్టడం. ఇప్పుడక్కడ 1600 మంది పట్టే ఆరుబయలు రంగస్థలం ఉంది, 500 మందికి సరిపడే లోపలి హాలూ ఉంది. మెట్ల మీద కూర్చుని తలెత్తితే లైట్ల వెలుగులో తోరణాలు తేలుతున్నట్టు కనిపిస్తాయి. అంత గొప్ప సెట్టింగు ఏ నాటక సమాజమూ సొంత డబ్బుతో వేయలేదు. ఇబ్రహీంబాగ్ తోట ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటిది. తెలుగు కవులను ఆదరించి, కావ్యం అంకితం పుచ్చుకుని, వాళ్ళ చేత మల్కిభరాముడు అనిపించుకున్న సుల్తాను ఆయన. ఆ తోటలో, ఈ నాటకంలో వేషం కట్టిన మా బావమరిది తెలుగు ఉచ్చారణ వినాల్సిన అవసరం ఆయనకు రాలేదు. అదృష్టవంతుడు, 1580లోనే పోయాడు.

నటులను తప్పు పట్టను. పగలంతా ఆఫీసులు చేసి, రాత్రిళ్ళు అపార్టుమెంటు సెల్లారులో కార్ల మధ్య మూడు నెలలు రిహార్సల్సు వేసుకున్న కాలనీ వాళ్ళు. సుల్తాను మీసం రెండుసార్లు ఊడినా డైలాగు ఆగలేదు. ఒక్కో నటుడికి సుమారు పన్నెండు మంది బంధువులు వచ్చారు. ద్వారానికొకరు, లెక్క సరిపోయింది.

తారామతి ఆలాపన ఎత్తుకోగానే నా వెనకాయన ఫోన్ మోగింది. "ఆఁ, నాటకంలో ఉన్నా, చెప్పు" అన్నాడు. అవతలివాళ్ళు నిజంగానే చెప్పారు, చాలాసేపు చెప్పారు. ముందాయన తన ట్యాబ్‌ను రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు కాబట్టి తారామతిని నేను అందులోనే చూశాను, పది అంగుళాల సైజులో. పక్కన పిల్లాడు చిప్స్ ప్యాకెట్టు విప్పాడు. ఆ ప్యాకెట్టు చప్పుడు గోల్కొండ దాకా వెళ్ళి ఉంటుందని నా నమ్మకం.

అక్కడే నా పరిశోధన ఫలించింది. సుల్తాను చెవుల గొప్పేమీ లేదు. తారామతికీ ఆయనకూ మధ్య రెండు కిలోమీటర్ల గాలే తప్ప ప్రేక్షకులు లేరు. నాకూ ఆవిడకూ మధ్య రెండు వరుసలున్నాయి.

కాబట్టి అధికారులకు నా సూచన. ఇకమీదట నాటకం బారాదరిలోనే వేయించండి, ప్రేక్షకులను మాత్రం గోల్కొండ కోటలో కూర్చోబెట్టండి. ముఖ్య అతిథులను అందరికంటే పైన, కోట గుట్ట కొసన ఉన్న బాలాహిసార్‌లో. ఆ రోజు జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ప్రసంగాలు కలిపి గంటా పది నిమిషాలు పట్టాయి. కథలో గాలి ఇటునుంచి అటే వీచింది గానీ అటునుంచి ఇటు వీచినట్టు ఎవరూ చెప్పలేదు. ప్రసంగాలు తిరిగొచ్చే ప్రమాదం లేదు.

ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. కోట ముఖద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే గుట్ట పైదాకా వినిపిస్తుందని గైడ్లు చెబుతారు. అందుకని వచ్చిన ప్రతివాడూ అక్కడ చప్పట్లు కొడతాడు, ఏ నాటకమూ లేకపోయినా. ఇక్కడ నాటకం ఉంది గానీ కొట్టడానికి చేతులు ఖాళీగా లేవు, ఫోన్లున్నాయి.

మా బావమరిది వేషం ఆ కోట ద్వారం కావలివాడే. డైలాగు ఒకటి, పని ఒకటి. శత్రువు జాడ కనిపెట్టి, చప్పట్లు కొట్టి పైకి కబురు పంపాలి. వాడు కొట్టాడు. దిక్కులు మారుమోగేలా కొట్టాడు. ముందు వరుసలో కునుకు తీస్తున్న ముఖ్య అతిథి ఉలిక్కిపడి లేచి, నాటకం అయిపోయిందనుకుని తానూ కొట్టారు. ఆయన కొడితే సభంతా కొట్టింది. కొట్టినవాళ్ళు లేచారు, లేచినవాళ్ళు పార్కింగు వైపు నడిచారు. మా ఆవిడ నా చెయ్యి పట్టి లాగింది. వెనక్కి తిరిగి చూస్తే సుల్తాను ఇంకా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, తారామతి పాట కోసం అలాగే నిలబడి ఉన్నాడు.

రాత్రి పదకొండింటికి బావమరిది ఫోను. "బావా, చప్పట్లు నా సీనుకే కదా పడ్డాయి?"

"నీ సీనుకే" అన్నాను.